పట్టికలో పైన జంషెడ్‌పూర్, కప్పు హైదరాబాద్‌ది: 2021-22 ఐఎస్‌ఎల్ చిక్కుముడి

2022 మార్చి 20, గోవాలోని ఫతోర్దా స్టేడియం, మన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్. గ్యాలరీల నిండా పసుపు రంగే. ఆ పసుపు చొక్కాలవాళ్లలో ఎక్కువమంది కేరళ నుంచి రైళ్లలో, బస్సుల్లో, బైకుల మీద వచ్చిన బ్లాస్టర్స్ అభిమానులు. తీరా టీములు గ్రౌండ్‌లోకి దిగాక చూస్తే పసుపు జెర్సీలు హైదరాబాద్ ఎఫ్‌సీ ఒంటి మీద ఉన్నాయి. కేరళ బ్లాస్టర్స్ తమ రెండో రంగు జెర్సీతో సరిపెట్టుకుంది.

రెండు క్లబ్బుల సొంత రంగూ పసుపే. ఇద్దరూ తలపడితే ఒకరు మార్చుకోక తప్పదు. లీగ్ పట్టికలో హైదరాబాద్ రెండో స్థానంలో, కేరళ నాలుగో స్థానంలో ఉన్నాయి. పైన ఉన్నవాళ్లను ఫైనల్‌లో 'హోమ్' టీముగా లెక్కేశారు, రంగు ఎంచుకునే హక్కు వాళ్లకే వెళ్లింది. నాలుగు నెలలు, ఇరవై మ్యాచ్‌లు ఆడి సంపాదించిన ర్యాంకు ఫైనల్ రోజున హైదరాబాద్‌కు పనికొచ్చింది జెర్సీ రంగు వరకే.

ఆ సీజన్ గురించి ఎవరితో మాట్లాడినా మొదట అడిగే ప్రశ్న కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. పట్టికలో మొదటి స్థానం జంషెడ్‌పూర్‌ది కదా, మరి ఛాంపియన్ హైదరాబాద్ ఎలా అయింది? ఆ ఏడాది అసలు విజేత ఎవరు? ఎవరి అభిమానిని అడిగితే వాళ్ల జవాబు వాళ్లకుంది. ఆ రెండు జవాబులూ ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే మన దేశంలో ఫుట్‌బాల్ లీగ్‌ను ఎలా కట్టారో కూడా తెలుస్తుంది.

రెండు ట్రోఫీలు ఎందుకొచ్చాయి

ఐపీఎల్ చూసే మనకు టేబుల్ టాపర్ ఒకరు, కప్పు కొట్టేది ఇంకొకరు కావడం వింతేమీ కాదు. 2016లో సన్‌రైజర్స్ లీగ్ దశలో మూడో స్థానంలో ఉండి కప్పు గెలిచింది. 2009లో డెక్కన్ ఛార్జర్స్ నాలుగో స్థానం నుంచి గెలిచింది. అప్పుడు లీగ్‌లో టాప్‌లో నిలిచిన టీమే అసలు ఛాంపియన్ అని ఎవరూ గొడవ పెట్టుకోలేదు. క్రికెట్‌లో ప్లేఆఫ్స్ అంటే జనం ఒప్పుకున్న పద్ధతి.

ఫుట్‌బాల్ సంప్రదాయం వేరు. ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ, జర్మనీ లీగుల్లో ప్రతి టీమూ మిగతా ప్రతి టీముతో రెండుసార్లు ఆడుతుంది, ఒకసారి సొంతగడ్డ మీద, ఒకసారి వాళ్ల దగ్గర. చివరికి ఎక్కువ పాయింట్లున్నవాడు ఛాంపియన్, అంతే. సెమీస్, ఫైనల్ అనే మాటే ఉండదు. నాకౌట్ కావాలంటే దానికి వేరే కప్పు పోటీలున్నాయి. ఒక్క రాత్రి అదృష్టం మీద ఆధారపడేది కప్పు, ఏడాది పొడవునా నిలకడ చూపించాల్సింది లీగ్. ఈ రెంటినీ అక్కడ కలపరు.

మన ఐఎస్‌ఎల్ 2014లో పుట్టినప్పుడు దాని తీరు ఐపీఎల్‌దే. ఎనిమిది టీములు, రెండు నెలలకు కాస్త ఎక్కువ ఆట, సినిమా తారల, క్రికెటర్ల పెట్టుబడులు, చివర్లో సెమీస్, ఫైనల్. దేశంలో అసలు లీగ్ అప్పటికింకా ఐ-లీగే. 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్లకు, 700 కోట్ల రూపాయలకు ఐఎంజీ-రిలయన్స్‌కు రాసిచ్చింది. ఆ ఒప్పందంలోంచి పుట్టిన టోర్నీయే ఐఎస్‌ఎల్. టీవీ కోసం కట్టిన టోర్నీకి ఫైనల్ లేకపోతే ఎలా? ఏడాది చివర్లో ఒక పెద్ద రాత్రి ఉండి తీరాలి.

చిక్కు 2019లో మొదలైంది. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ), మన సమాఖ్య కలిసి ఒక రోడ్‌మ్యాప్ గీసి, ఐఎస్‌ఎల్‌ను దేశంలో అగ్రశ్రేణి లీగ్‌గా గుర్తించాయి. ఐ-లీగ్ కింది మెట్టుకు వెళ్లింది. ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో ఆడే అవకాశం కూడా ఐఎస్‌ఎల్‌కు వచ్చింది. ఆ అవకాశం ఎవరికివ్వాలి, రెండు మ్యాచ్‌ల సెమీస్, ఒక ఫైనల్ గెలిచినవాడికా, పట్టికలో అగ్రస్థానంలో ఉన్నవాడికా? నిలకడకే ఇవ్వాలని నిర్ణయించారు. దాంతో 2019-20 నుంచి పట్టికలో మొదటి స్థానానికి 'లీగ్ విన్నర్స్ షీల్డ్' అనే వేరే ట్రోఫీ వచ్చింది. అయితే 'ఐఎస్‌ఎల్ ఛాంపియన్' అనే బిరుదు మాత్రం ఫైనల్ గెలిచినవాడి దగ్గరే ఉంచేశారు.

ఒక ఇంటికి రెండు తాళాలు వేసి, తాళంచెవులు ఇద్దరి చేతుల్లో పెట్టినట్టయింది. మొదటి ఏడాదే తేడా బయటపడింది. షీల్డ్ ఎఫ్‌సీ గోవాకు, కప్పు కోల్‌కతా టీము ఏటీకేకు పోయాయి. 2020-21లో ముంబయి సిటీ రెండూ గెలిచి ఆ గొడవను ఒక ఏడాది వాయిదా వేసింది. 2021-22లో అది మళ్లీ తెర మీదికొచ్చింది.

డబ్బు సంగతి చూస్తే ఈ రెండు ట్రోఫీల మధ్య తూకం నిర్వాహకులకే కుదరలేదని అర్థమవుతుంది. మొదట్లో షీల్డ్‌కు 50 లక్షలు, కప్పుకు 8 కోట్లు. అంటే లీగ్ దశ మొత్తం శ్రమకు పదహారో వంతు విలువ. 2021-22లో షీల్డ్ బహుమతిని 3.5 కోట్లకు పెంచారు, కప్పు సొమ్మును 6 కోట్లకు, రన్నరప్ సొమ్మును 3 కోట్లకు తగ్గించారు. తేడా తగ్గింది గానీ కప్పే పెద్దదిగా మిగిలింది. ఆసియాకు వెళ్లాలంటే షీల్డ్ కావాలి, పెద్ద చెక్కు కావాలంటే కప్పు కావాలి.

ఒకే రాష్ట్రంలో మొత్తం సీజన్

కరోనా వల్ల సీజన్ మొత్తాన్నీ గోవాలోనే నడిపారు. మడగావ్‌లో ఫతోర్దా, వాస్కోలో తిలక్ మైదాన్, బాంబోలింలో అథ్లెటిక్ స్టేడియం. పదకొండు టీములు, 110 లీగ్ మ్యాచ్‌లు, ఈ మూడు గ్రౌండ్లే. ఆటగాళ్లు బయటివాళ్లను కలవకుండా హోటళ్లలో బయో బబుల్‌లో నెలల తరబడి ఉన్నారు. లీగ్ మ్యాచ్‌లకు ప్రేక్షకుల్లేరు. పేరుకు ఒకరు హోమ్, ఒకరు అవే. నిజానికి గోవా టీము తప్ప అందరూ పరాయి ఊళ్లోనే ఆడారు, గోవాకు కూడా ఈల వేసే జనం లేరు.

దీని ప్రభావం పైకి కనపడేదానికన్నా పెద్దది. మామూలు లీగ్‌లో పట్టికలో పైన నిలిచిన టీముకు సెమీస్ రెండో మ్యాచ్ సొంతగడ్డ మీద ఆడే వీలుంటుంది. వెనకబడినా మన జనం మధ్య లాక్కోవచ్చు. గోవాలో అది కాగితం మీద మిగిలిన హక్కు. జంషెడ్‌పూర్‌కు తన జేఆర్‌డీ టాటా కాంప్లెక్స్ లేదు, హైదరాబాద్‌కు గచ్చిబౌలి లేదు. కాబట్టి ఆ సీజన్‌లో షీల్డ్‌కూ కప్పుకూ మధ్య గోడ ఇంకా ఎత్తు పెరిగింది. ఇరవై మ్యాచ్‌లలో ఎంత బాగా ఆడినా సెమీస్ తలుపు దగ్గర అందరూ సమానమే.

జనవరిలో బబుల్‌లోకి కూడా కరోనా వచ్చేసింది. టీములు ఐసోలేషన్‌లోకి వెళ్లాయి, ప్రాక్టీసు ఆగింది, మ్యాచ్‌లు వరుసగా వాయిదా పడ్డాయి. జనవరి 17న జరగాల్సిన జంషెడ్‌పూర్–హైదరాబాద్ మ్యాచ్ అలా వాయిదా పడ్డవాటిలో ఒకటి. దాన్ని మార్చి 1కి జరిపారు. ఆ ఏడాది షీల్డ్ ఎవరిదో తేల్చిన మ్యాచ్ నా దృష్టిలో అదే. దాని దగ్గరికి వద్దాం, దానికి ముందు ఇంకో నిబంధన చెప్పుకోవాలి.

అంతకుముందు ఏడాది దాకా మైదానంలో ఒకేసారి ఐదుగురు విదేశీ ఆటగాళ్లు ఉండొచ్చు. 2021-22 నుంచి ఆ సంఖ్యను నాలుగుకు కుదించారు. అంటే పదకొండుమందిలో కనీసం ఏడుగురు భారతీయులు ఉండాలి. ఒక్క స్థానమే కదా అనిపిస్తుంది. కానీ అప్పటిదాకా గోల్‌కీపర్, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, వింగర్లు మనవాళ్లు, మధ్యలో వెన్నెముక అంతా విదేశీయులు అనే ఫార్ములాతో చాలా టీములు నడిచాయి. ఆ వెన్నెముకలో ఒక పూస తగ్గింది. మంచి భారతీయ ఆటగాళ్లున్న టీముకు లాభం. హైదరాబాద్ కోచ్ మనోలో మార్కెజ్ అప్పటికే ఒక ఏడాదిగా ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్ లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడిస్తున్నాడు. వాళ్లు రాటుదేలే సమయానికి రూలు మారింది.

అట్టడుగు నుంచి

హైదరాబాద్ ఎఫ్‌సీకి అప్పటికి మూడేళ్లే. 2019 ఆగస్టులో, మూతపడిన పుణె సిటీ క్లబ్బు స్థానంలో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దీన్ని తెచ్చారు. మొదటి మ్యాచ్‌లో కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5. ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లకు రెండే గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో చిట్టచివర. మధ్యలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తీసేశారు. తర్వాత వచ్చిన ఆల్బర్ట్ రోకా బార్సిలోనా నుంచి పిలుపు రాగానే వెళ్లిపోయాడు. హడావుడిగా తెచ్చిన మూడో మనిషి మనోలో. ఆయన మొదటి ఏడాది ఐదో స్థానం.

2021-22 సీజన్ కూడా చెన్నయిన్ చేతిలో 0-1 ఓటమితోనే మొదలైంది. తర్వాత గేరు మారింది. ఒడిశాపై 6-1, ఈస్ట్ బెంగాల్‌పై 4-0. నైజీరియా స్ట్రైకర్ బర్తొలోమ్యూ ఒగ్బెచె వయసు అప్పటికి 37. పరుగెత్తడం కన్నా ఎక్కడ నిలబడాలో తెలిసిన మనిషి. సెమీస్‌తో కలిపి ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ అతనిదే, ఐఎస్‌ఎల్ చరిత్రలో అత్యధిక గోల్స్ రికార్డూ ఆ సీజన్‌లోనే అతని చేతికొచ్చింది. ఫిబ్రవరి 23న కేరళను 2-1తో ఓడించి, అందరికన్నా ముందు సెమీస్ చేరింది కూడా హైదరాబాదే.

ఇక మార్చి 1. ఆ ఉదయానికి లెక్క ఇదీ: హైదరాబాద్‌కు 18 మ్యాచ్‌లలో 35 పాయింట్లు, జంషెడ్‌పూర్‌కు 17 మ్యాచ్‌లలో 34. హైదరాబాద్ పైన ఉంది, జంషెడ్‌పూర్ చేతిలో ఒక మ్యాచ్ ఎక్కువుంది. ఆ వాయిదా మ్యాచ్‌లో జంషెడ్‌పూర్ 3-0తో గెలిచింది. ఒకవేళ ఆ రోజు హైదరాబాద్ గెలిచి, మిగతా ఫలితాలన్నీ జరిగినట్టే జరిగి ఉంటే? హైదరాబాద్‌కు 41, జంషెడ్‌పూర్‌కు 40. షీల్డ్ కూడా గచ్చిబౌలికే వచ్చేది, ఈ వ్యాసం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

అయితే హైదరాబాద్‌కు సెమీస్ బెర్తు అప్పటికే ఖాయం. పెద్ద చెక్కు కప్పు దగ్గరుంది. అలాంటప్పుడు షీల్డ్ కోసం చివరిదాకా ప్రాణం పెట్టి పోరాడాలన్న కసి ఏ టీములోనైనా ఎంత మిగులుతుంది? ఇది ఆటగాళ్ల తప్పు కాదు, పోటీని అలా అమర్చారు. జంషెడ్‌పూర్‌ను మాత్రం మెచ్చుకోవాలి. ఓవెన్ కోయిల్ కోచింగ్‌లో ఆ టీము చివరి ఏడు మ్యాచ్‌లనూ వరుసగా గెలిచింది.

అందులో ఆఖరిది మార్చి 7న, ఏటీకే మోహన్ బగాన్‌తో. జంషెడ్‌పూర్ 40, బగాన్ 37. బగాన్ గెలిస్తే చెరి 40. అప్పుడు మొత్తం గోల్ తేడా కాకుండా ముందు ఆ రెండు టీములు తమలో తాము ఆడిన మ్యాచ్‌ల ఫలితం చూస్తారు. మొదటి మ్యాచ్‌లో జంషెడ్‌పూర్ 2-1తో గెలిచింది కాబట్టి, బగాన్‌కు మామూలు గెలుపు చాలదు, కనీసం రెండు గోల్స్ తేడా కావాలి. సీజన్ మొత్తం షీల్డ్ ఆఖరి రోజున ఇలా ఒక మ్యాచ్‌లోకి, ఒక అంకెలోకి కుదించుకుపోయింది. మంచి ఫైనల్‌లో ఉండే టెన్షన్ అంతా ఉంది. రెండో సగంలో రిత్విక్ దాస్ గోల్ కొట్టాడు, 1-0. జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో షీల్డ్ ఎత్తింది. అప్పటికి ఐఎస్‌ఎల్ లీగ్ దశలో ఎవరూ అన్ని పాయింట్లు తెచ్చుకోలేదు. సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డూ ఆ టీము గ్రెగ్ స్టూవర్ట్‌కే దక్కింది.

ఇక్కడ ఇంకో తమాషా. మార్చి 5న హైదరాబాద్ తన ఆఖరి లీగ్ మ్యాచ్‌లో ముంబయిని 2-1తో ఓడించింది. నాలుగో బెర్తు కోసం ముంబయి, కేరళ పోటీలో ఉన్నాయి. ముంబయి ఓడటంతో కేరళ సెమీస్‌లోకి వచ్చేసింది. అంటే ఫైనల్ ప్రత్యర్థిని తలుపు తీసి లోపలికి పిలిచింది హైదరాబాదే.

రెండు రాత్రులు, ఇరవై మ్యాచ్‌లు

సెమీస్‌లో జంషెడ్‌పూర్‌కు ఎదురైంది ఆ కేరళే. మొదటి మ్యాచ్‌లో సహల్ అబ్దుల్ సమద్ గోల్‌తో కేరళ 1-0. రెండోది 1-1. మొత్తం 1-2. ఏడు వరుస గెలుపుల టీము ఐదు రోజుల వ్యవధిలో ఒక ఓటమి, ఒక డ్రాతో ఇంటిదారి పట్టింది. లీగ్ దశలో ఇలాంటి ఫలితాలు ఎవరి కంటా పడేవి కావు, ఇరవైలో రెండుగా కలిసిపోయేవి.

హైదరాబాద్ తన సెమీస్‌లో మోహన్ బగాన్‌ను మొదటి మ్యాచ్‌లో 3-1తో ఓడించింది. ముందు గోల్ తిన్నా ఒగ్బెచె, యాసిర్ మొహమ్మద్, సివేరియో కొట్టి తిప్పేశారు. రెండో మ్యాచ్‌లో 0-1తో ఓడినా మొత్తం 3-2.

లీగ్‌లో జంషెడ్‌పూర్‌తో ఆడిన రెండు మ్యాచ్‌లలో హైదరాబాద్‌కు వచ్చినవి ఒక డ్రా, ఒక 0-3. ప్లేఆఫ్స్‌లో వాళ్లతో ఆడాల్సిన పనే పడలేదు. ఆ సీజన్‌లో ఒక్కసారైనా ఓడించని టీము కన్నా మేమే మేలని చెప్పుకోవడం కష్టం. నేను హైదరాబాద్ వైపు మనిషిని. అయినా అడిగితే, ఆ ఏడాది దేశంలో ఉత్తమ టీము జంషెడ్‌పూర్ అనే చెబుతాను. కప్పు మాత్రం వేరే సంగతి. అది గెలిచినవాడిదే, దానికి సంజాయిషీ అక్కర్లేదు.

ఫైనల్‌కు ప్రేక్షకులను అనుమతించారు. నెలల తరబడి ఖాళీ కుర్చీల ముందు ఆడినవాళ్లకు ఒక్కసారిగా ఆ హోరు. చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నవాళ్లంతా ఎదుటి టీము మనుషులే. మనకు ఇందులోనూ ఒక చుట్టరికం ఉంది: హైదరాబాద్‌కు ఐఎస్‌ఎల్ టీము రాకముందే, 2016లో, కేరళ బ్లాస్టర్స్‌లో నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ వాటాలు కొన్నారు. పసుపు జెండా ముందు పట్టుకున్న తెలుగు పెట్టుబడి అటువైపే.

ఆ రాత్రి కథంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగింది. హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. ఇదే ఫతోర్దాలో 2015 డిసెంబరు 20న ఎఫ్‌సీ గోవా తరఫున ఇదే టోర్నీ ఫైనల్ ఆడాడు. 87వ నిమిషంలో గోవా 2-1 ఆధిక్యంలోకి వచ్చింది, కప్పు చేతికందినట్టే ఉంది. 90వ నిమిషంలో బంతి కట్టిమణి నుంచే సొంత గోల్‌లోకి వెళ్లింది. రెండు నిమిషాల తర్వాత చెన్నయిన్ ఇంకోటి కొట్టి 3-2తో కప్పు పట్టుకుపోయింది. సొంత జనం ముందు, సొంత ఊరి గ్రౌండ్‌లో.

ఆరేళ్ల తర్వాత అదే గ్రౌండ్‌లో 68వ నిమిషంలో రాహుల్ కేపీ దూరం నుంచి కొట్టిన షాట్‌కు కట్టిమణి చేయి తగిలింది, అయినా బంతి లోపలికే పోయింది. ఆపాల్సిన బంతే. టీవీ ముందున్న మాకందరికీ 2015 గుర్తొచ్చి ఉసూరుమనిపించింది. 88వ నిమిషంలో కార్నర్ క్లియరెన్స్ బాక్సు బయట పడితే, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా దాన్ని కింద పడనివ్వకుండా వాలీ కొట్టాడు. 1-1. అదనపు సమయంలో ఎవరూ గోల్ చేయలేదు.

షూటౌట్. కేరళ మొదటి కిక్ లెస్కోవిచ్‌ది, కట్టిమణి ఆపాడు. రెండోది నిషు కుమార్‌ది, అదీ ఆపాడు. కానీ కిక్ కొట్టకముందే కీపర్ గీత దాటాడని మళ్లీ కొట్టించారు. ఆ రెండోసారి కూడా ఆపాడు. ఆ క్షణంలో గోల్‌పోస్టు వెనక పసుపు గ్యాలరీ మూగబోవడం టీవీలో కూడా వినబడింది. హైదరాబాద్ నుంచి సివేరియో బంతిని బార్ మీదుగా పైకి పంపించి మళ్లీ కేరళకు ఆశ పుట్టించాడు, ఆయుష్ అధికారి గోల్ కొట్టాడు. జీక్సన్ సింగ్ కిక్‌ను కట్టిమణి ఆపేశాడు. హాలీచరణ్ నర్జరీ చివరి కిక్ వేశాడు, 3-1. కేరళకు అది మూడో ఫైనల్ ఓటమి.

ఛాంపియన్ హైదరాబాద్ ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. టీములో నిత్యం ఆడే పదకొండుమందిలో తెలుగువాడు ఒక్కడూ లేడు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఊరు ఇది. 1962 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఊరు ఇది. ఇన్ని దశాబ్దాల తర్వాత దేశ ఫుట్‌బాల్‌లో పెద్ద కప్పు వచ్చింది, అదీ టీవీలో, గోవా నుంచి.

గెలిచి ఎక్కడికి వెళ్లారు

షీల్డ్ గెలిస్తే ఆసియా ఛాంపియన్స్ లీగ్ అనుకున్నాం కదా. జంషెడ్‌పూర్ వెళ్లలేదు. సరిగ్గా అప్పుడే ఆసియా సమాఖ్య తన పోటీల క్యాలెండర్ మార్చింది, సంవత్సరం మొదట్లో మొదలయ్యే సీజన్‌ను ఆగస్టు-సెప్టెంబరు నుంచి మే దాకా జరిపింది. ఆ మార్పులో భారత్‌కు రెండు సీజన్ల షీల్డ్ విజేతలకు కలిపి ఒకే బెర్తు మిగిలింది. దాంతో 2021-22 విజేత జంషెడ్‌పూర్‌కూ 2022-23 విజేత ముంబయి సిటీకీ మధ్య పోటీ పెట్టారు. 2023 ఏప్రిల్‌లో మంజేరిలో జరిగింది. ముంబయి 3-1. ఏడాది వయసున్న షీల్డ్‌తో వచ్చిన జంషెడ్‌పూర్ అప్పటికి పాత టీము కాదు. కోయిల్ లేడు. స్టూవర్ట్ ముంబయికి మారిపోయాడు. ఆ సీజన్ లీగ్‌లో జంషెడ్‌పూర్ పదో స్థానంలో ఉంది.

కప్పు గెలిచిన హైదరాబాద్‌దీ అచ్చంగా ఇదే కథ. రెండో శ్రేణి టోర్నీ అయిన ఏఎఫ్‌సీ కప్పు బెర్తు కోసం 2022-23 ఛాంపియన్ మోహన్ బగాన్‌తో ఆడాల్సి వచ్చింది. 2023 మే నెలలో, కోళికోడ్‌లో. అక్కడా 3-1 ఓటమే. షీల్డ్ అంటే ఆసియా, కప్పు అంటే పరువు అని వాదించుకున్నాం. ఆఖరికి ఆ సీజన్ విజేతలిద్దరూ ఏడాది ఆగి, కేరళ వెళ్లి, ఒకే స్కోరుతో ఓడి వచ్చారు.

పట్టిక కింది భాగం సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. ఈస్ట్ బెంగాల్ 11 పాయింట్లతో ఆఖరున నిలిచింది, అయినా కింది లీగ్‌కు పడిపోలేదు, మరుసటి ఏడాదీ ఐఎస్‌ఎల్‌లోనే ఆడింది. అదే సీజన్‌లో ఐ-లీగ్ వరుసగా రెండోసారి గెలిచిన గోకులం కేరళకు పైకి వెళ్లే దారే లేదు. ఐ-లీగ్ విజేతకు ఐఎస్‌ఎల్ తలుపు 2022-23 నుంచి తెరిచారు, మొదట వెళ్లింది పంజాబ్. ఆ తలుపు దగ్గర రెండుసార్లు ఆగిపోయిన టీము మనదే: 2021-22లోనే ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన శ్రీనిధి డెక్కన్, ఆ తర్వాత రెండేళ్లు వరుసగా రెండో స్థానంలో నిలిచింది. కింద పడే భయం లేని లీగ్‌లో సగం టీములకు జనవరికల్లా ఆడటానికి కారణం పోతుంది. షీల్డా కప్పా అన్న గొడవ కన్నా నన్నడిగితే ఇదే పెద్ద లోపం.

కప్పు తర్వాత హైదరాబాద్ ఇంకో ఏడాది బాగానే ఆడింది. 2022 అక్టోబరులో ఛాంపియన్‌గా గచ్చిబౌలికి తిరిగొచ్చింది, 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానంలో నిలిచింది, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో షూటౌట్‌లో ఓడింది. ఆ తర్వాత మనోలో గోవా క్లబ్బుకు వెళ్లాడు, ఒగ్బెచె కూడా వెళ్లిపోయాడు. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం, ఒక్కొక్కరుగా ఆటగాళ్లు వదిలిపోవడం. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒకే గెలుపు, 8 పాయింట్లు. మొదటి ఏడాది ఎక్కడుందో మళ్లీ అక్కడికే. 2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది. 2025 అక్టోబరులో ఊరూ పేరూ మార్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

డెక్కన్ ఛార్జర్స్‌ను ఇందాక ఊరికే తేలేదు. 2008లో ఐపీఎల్‌లో చిట్టచివర ఉన్న ఆ టీము 2009లో కప్పు కొట్టింది. ఎన్నికల వల్ల ఆ ఏడాది టోర్నీ అంతా దక్షిణాఫ్రికాకు వెళ్లింది, కాబట్టి అదీ ఉప్పల్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండా గెలిచిన కప్పే. 2012లో ఆ ఫ్రాంచైజీ రద్దయింది. అట్టడుగు, పరాయి గడ్డ మీద కప్పు, కొన్నేళ్లకే మాయం. రెండు ఆటలు, ఒకే ఊరు. ఛార్జర్స్ పోయిన వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది. ఫుట్‌బాల్‌లో గచ్చిబౌలి స్టేడియంలోకి ఐఎస్‌ఎల్ టీము ఏదీ రాలేదు.